ఫార్ములా వన్‌లో ‘ఫార్ములా’ అంటే ఏంటి?

ప్రశ్న: 2023 ఫిబ్రవరిలో హుస్సేన్‌సాగర్ పక్కన జరిగిన కార్ల రేసుకి మా అబ్బాయిని తీసుకెళ్లాను. అది ఫార్ములా వన్ అని వాడు ఇప్పటికీ వాదిస్తున్నాడు. నిజమేనా? అసలు ఫార్ములా అంటే ఏంటి, ఆ కార్లకి ఒక్క సీటే ఎందుకుంటుంది?
– ఒక పాఠకుడు, సికింద్రాబాద్

జవాబు: కాదండీ, అది ఫార్ములా-ఈ, అంటే బ్యాటరీ కార్ల పోటీ. రెండిట్లోనూ చక్రాలు బయటికే ఉంటాయి, మనిషి ఒక్కడే కూర్చుంటాడు కాబట్టి బాబు పొరబడటంలో వింతేం లేదు.

ఫార్ములా అంటే లెక్కల సూత్రం కాదు, రూల్స్. ఇంజిన్ ఎంత ఉండాలి, బరువెంత ఉండాలి అని ముందే రాసి పెడతారు, దానికి లోబడి ఎవరి కారు వాళ్లు తయారుచేసుకుంటారు. రెండో ప్రపంచ యుద్ధం అయ్యాక సూపర్‌చార్జర్ (ఇంజిన్‌లోకి గాలిని బలంగా ఎక్కించే పరికరం) ఉంటే ఇంజిన్ సైజు 1.5 లీటర్లు, లేకపోతే 4.5 లీటర్లు దాటకూడదని పెట్టిన రూలే ఫార్ములా వన్ అయింది. ప్రపంచ చాంపియన్‌షిప్ మొదటి రేసు 1950 మే 13న ఇంగ్లండ్‌లోని సిల్వర్‌స్టోన్‌లో, యుద్ధంలో వాడిన పాత ఎయిర్‌ఫీల్డ్‌లో జరిగింది. ఆల్ఫా రోమియో కారు నడిపిన ఇటలీ డ్రైవర్ ఫరీనా గెలిచాడు, ఆ ఏడాది చాంపియన్ కూడా ఆయనే.

ఇక సీటు సంగతి. 1906లో ఫ్రాన్స్‌లోని లె మాన్ దగ్గర మొదటి ఫ్రెంచ్ గ్రాండ్ ప్రి (పెద్ద కార్ల రేసు) జరిగినప్పుడు కారుకి ఇద్దరు ఉండేవాళ్లు, డ్రైవరూ పక్కన మెకానిక్కూ, ఎందుకంటే టైరు పేలితే వాళ్లిద్దరే మార్చుకోవాలి, ఇంకెవరూ చెయ్యి వెయ్యకూడదు. రౌండు 103 కిలోమీటర్లు, రోజుకి ఆరు చొప్పున రెండు రోజులు, ఎండకి రోడ్డు మీది తారు కరిగి కళ్లలో పడేది! కొందరు పాత టైరుని కత్తితో కోసి తీస్తూ చెమటలు కక్కుతుంటే, రెనో డ్రైవర్ ఫెరెన్స్ సిస్ రిమ్ముతో సహా ఊడదీసి, రెడీగా ఉన్న ఇంకోటి బిగించుకుని వెళ్లిపోయాడు. గెలుపు ఆయనదే. 1920ల మధ్యలో మెకానిక్‌ని దింపేశారు, అయినా ఆ పక్క చోటు కొన్నాళ్లు అలాగే ఉండిపోయింది. 1932లో వచ్చిన ఆల్ఫా రోమియో పి3 లో డ్రైవర్ సరిగ్గా మధ్యలోకి వచ్చాడు, కారు సన్నబడింది.

నాకు అన్నిటికంటే ఇష్టమైన మలుపు మాత్రం కూపర్ తండ్రీకొడుకులది. ఇంగ్లండ్‌లో గ్యారేజీ నడుపుకునే వీళ్లు చిన్న రేసు కార్లకి బైకు ఇంజిన్ బిగించారు, దాని చైను వెనక చక్రాల్నే తిప్పాలి కదా, అందుకని ఇంజిన్‌ని డ్రైవర్ వెనకాల పెట్టేశారు. పెద్ద కంపెనీలు ఇంజిన్‌ని ఇంకా డ్రైవర్ ముందరే పెడుతున్న రోజులవి. 1958లో అర్జెంటీనాలో డ్రైవర్ స్టిర్లింగ్ మాస్ ఇంజిన్ వెనకున్న చిన్న కూపర్ కారుతో ఫెరారీల్ని ఓడించాడు. కూపర్ చక్రాలు మార్చాలంటే చాలాసేపు పడుతుంది, అందుకని మార్చకుండానే లాగించేశాడు, చివరికొచ్చేసరికి టైర్లు అరిగి లోపలి గుడ్డ బయటపడింది. 1959, 1960ల్లో జాక్ బ్రాబమ్ కూపర్‌తోనే వరసగా చాంపియన్ అయ్యేసరికి మిగతావాళ్లందరూ ఇంజిన్‌ని వెనక్కి మార్చుకోక తప్పలేదు. మీరు హైదరాబాద్‌లో చూసిన కార్లలో కూడా, చక్రాల్ని తిప్పే మోటారు వెనకే ఉంది, బాబుకి చెప్పండి.