మీ ప్రశ్నలు – మా జవాబులు: డాకర్‌లో దాచిన డేటా ఎక్కడికి పోతుంది?

(డాకర్ అంటే ప్రోగ్రామ్‌లను కంటైనర్లనే విడివిడి డబ్బాల్లో నడిపే సాఫ్ట్‌వేర్. దాని ఆదేశాలను ఇక్కడ తెలుగు లిపిలో ఇస్తున్నాం. టైప్ చేసేటప్పుడు ఇంగ్లిష్ చిన్నక్షరాలు వాడండి. పెద్దక్షరాలు కావాల్సిన చోట ఆ మాట చెప్పాం.)

ప్రశ్న: బీఎస్సీ కంప్యూటర్స్ చివరి సంవత్సరం ప్రాజెక్టుకు విండోస్ ల్యాప్‌టాప్‌లో డాకర్ పెట్టుకుని మైఎస్‌క్యూఎల్ డేటాబేస్ నడుపుతున్నాను. రోజూ 'డాకర్ రన్' కొడుతున్నాను. నిన్న ఎక్కించిన పట్టికలు ఇవాళ కనబడవు. డేటా ఏమవుతోంది?
– ఒక విద్యార్థిని, బ్రాడీపేట, గుంటూరు

జవాబు: మీ డేటా పోలేదమ్మా. పాత కంటైనర్ దగ్గరే ఉంది. కొత్తగా నేర్చుకునేవాళ్లు ఎక్కువగా తడబడేది ఇక్కడే కాబట్టి కాస్త వివరంగా చెబుతాం.

ఇమేజ్ అంటే అచ్చు, కంటైనర్ అంటే ఆ అచ్చుతో పోసిన బొమ్మ. 'రన్' కొట్టిన ప్రతిసారీ కొత్త బొమ్మ తయారవుతుంది. ఉన్నదాన్ని మళ్లీ లేపాలంటే 'డాకర్ స్టార్ట్' అనాలి. 'డాకర్ పీఎస్' ఇప్పుడు నడుస్తున్నవాటినే చూపిస్తుంది. 'డాకర్ పీఎస్ -ఏ' కొట్టి చూడండి, మీరు రోజూ పుట్టించిన కంటైనర్లన్నీ వరసగా కనబడతాయి. పేరు పెట్టకపోతే డాకరే ఏదో ఒకటి తగిలిస్తుంది కాబట్టి, తయారైన తేదీని బట్టి నిన్నటిది పోల్చుకోండి.

ముందు ఇవాళ్టి కంటైనర్‌ను 'డాకర్ స్టాప్'తో ఆపండి. రెండూ ఒకే పోర్టు (కంప్యూటర్‌లోకి వచ్చే తలుపు సంఖ్య) అడిగితే పాతది లేవదు. తర్వాత 'డాకర్ స్టార్ట్ పాతపేరు' కొట్టి, 'డాకర్ ఎగ్జెక్ -ఐటీ పాతపేరు బాష్'తో లోపలికి వెళ్లండి. అక్కడ డేటా నకలు తీయడానికి 'మైఎస్‌క్యూఎల్‌డంప్ -యూ రూట్ -పీ --డేటాబేసెస్ మీడేటాబేస్ > /టీఎంపీ/నకలు.ఎస్‌క్యూఎల్' కొట్టి, 'ఎగ్జిట్'తో బయటికి రండి. ఆ ఫైలును 'డాకర్ సీపీ పాతపేరు:/టీఎంపీ/నకలు.ఎస్‌క్యూఎల్ .' ల్యాప్‌టాప్‌లోకి తెస్తుంది. చివరి చుక్కను మరవకండి, 'ఈ ఫోల్డర్‌లోకి' అని దాని అర్థం. డంప్‌ను, అంటే ఆ నకలును, పవర్‌షెల్ (విండోస్‌లో ఆదేశాలు కొట్టే కిటికీ) నుంచి నేరుగా ఫైల్లోకి మళ్లిస్తే, పాత వెర్షన్లలో అక్షరాల ఎన్‌కోడింగ్ మారిపోతుంది. అందుకే లోపలే రాసి బయటికి తెమ్మంటున్నాం.

పాత కంటైనర్‌నూ 'డాకర్ స్టాప్'తో ఆపి, ఇకపై డేటాకు పేరున్న వాల్యూమ్ (కంటైనర్ తీసేసినా మిగిలే డేటా అర) ఇవ్వండి:

డాకర్ రన్ -డీ --నేమ్ ప్రాజెక్ట్‌డీబీ -పీ 3306:3306 -వీ ప్రాజెక్ట్‌డేటా:/వార్/లిబ్/మైఎస్‌క్యూఎల్ -ఈ మైఎస్‌క్యూఎల్_రూట్_పాస్‌వర్డ్=మీమాట మైఎస్‌క్యూఎల్:8.4

ఇందులో '=' ముందున్న 'మైఎస్‌క్యూఎల్_రూట్_పాస్‌వర్డ్' అనే పేరును మాత్రం పూర్తిగా పెద్దక్షరాల్లో రాయాలి. అది ఇవ్వకపోతే కంటైనర్ లేచిన వెంటనే పడిపోతుంది. ఇంకో సంగతి: వాల్యూమ్ ఖాళీగా ఉన్న మొదటిసారే ఈ పాస్‌వర్డ్ అమలవుతుంది. తర్వాత ఆదేశంలో మార్చినా పాతదే చెల్లుతుంది. చివర 8.4 అని వెర్షన్ రాయడమూ ముఖ్యమే. 'లేటెస్ట్' మీద వదిలేస్తే ఏదో ఒకరోజు కొత్త మైఎస్‌క్యూఎల్ మీ ఫైళ్లను తన పద్ధతికి మార్చేస్తుంది, వాటిని మళ్లీ పాత వెర్షన్‌తో తెరవలేరు.

ప్రశ్న: వన్‌టౌన్‌లో హోల్‌సేల్ షాపుకి పైథాన్ వెబ్ సాధనం ఫ్లాస్క్‌తో బిల్లింగ్ ప్రోగ్రామ్ రాశాను. కంటైనర్ నడుస్తోంది, పోర్టూ ఇచ్చాను. బ్రౌజర్‌లో మాత్రం పేజీ రావట్లేదు.
– ఒక పాఠకుడు, విజయవాడ

జవాబు: ఫ్లాస్క్ మామూలుగా 127.0.0.1 మీదే వింటుంది. కంటైనర్ లోపల ఆ చిరునామాకు అర్థం 'ఈ కంటైనర్ మాత్రమే' అని. బయటి నుంచి వచ్చే పిలుపు దానికి అందదు. ప్రోగ్రామ్‌లో హోస్ట్‌ను 0.0.0.0గా మార్చి, ఇమేజ్‌ను 'డాకర్ బిల్డ్'తో మళ్లీ కట్టండి. కట్టకుండా పాత ఇమేజ్‌తోనే లేపితే మార్పు కనబడదు.

'-పీ 8080:5000'లో ఎడమది మీ కంప్యూటర్ పోర్టు, కుడిది కంటైనర్‌ది. తారుమారైతే ఇదే లక్షణం. ఏది అనుమానంగా ఉన్నా ముందు 'డాకర్ లాగ్స్ పేరు' కొట్టి, ప్రోగ్రామ్ రాసుకున్న సందేశాలు (లాగ్) చూడండి. సగం జవాబు అక్కడే దొరుకుతుంది. లేచి వెంటనే పడిపోయే కంటైనర్‌కైతే 'పీఎస్ -ఏ'లో ఎగ్జిట్ సంఖ్య చూడాలి. 0 అంటే పని ముగించుకుని వెళ్లింది, 137 అంటే బలవంతంగా ఆపేశారు. మెమరీ చాలకపోవడం దీనికి తరచూ కారణం. 'స్టాప్' చెప్పిన 10 సెకన్లలో ప్రోగ్రామ్ తనంతట ఆగకపోయినా అదే సంఖ్య వస్తుంది.

ప్రశ్న: ఆఫీసు సర్వర్‌లో డిస్క్ నిండిపోయింది. 'డాకర్ సిస్టమ్ ప్రూన్' కొడితే ఖాళీ అవుతుందని మిత్రుడు చెప్పాడు. కొట్టవచ్చా?
– ఒక పాఠకుడు, గవర్నర్‌పేట, విజయవాడ

జవాబు: ఆగండి. ముందు 'డాకర్ సిస్టమ్ డీఎఫ్' కొట్టి, ఇమేజ్‌లు, కంటైనర్లు, వాల్యూమ్‌లు, బిల్డ్ కాష్‌లలో ఏది ఎంత తింటోందో చూడండి. ఇమేజ్ కట్టేటప్పుడు దాచుకునే ఈ కాష్ పెరిగితే 'డాకర్ బిల్డర్ ప్రూన్', పేరులేని పాత ఇమేజ్‌లుంటే 'డాకర్ ఇమేజ్ ప్రూన్' చాలు. 'సిస్టమ్ ప్రూన్' ఆగి ఉన్న కంటైనర్లన్నిటినీ తీసేస్తుంది. వాటి లోపల రాసుకున్నవీ వాటితోనే పోతాయి. '--వాల్యూమ్స్' చేర్చడం మరీ ప్రమాదం. పైన బ్రాడీపేట ప్రశ్నలోలా వాల్యూమ్‌కు పేరు పెట్టకుండా మైఎస్‌క్యూఎల్ నడిపితే, డేటా పేరులేని వాల్యూమ్‌లో చేరుతుంది. దాని కంటైనర్ తీసేయగానే డాకర్ లెక్కలో అది ఎవరికీ అక్కర్లేనిది, చెరిపేస్తుంది. 'డాకర్ వాల్యూమ్ ఎల్ఎస్'లో పొడవాటి అంకెలూ అక్షరాలతో కనబడేవి అవే. వాటిలో ఏముందో తేలేదాకా ముట్టుకోకండి.

'డీఎఫ్' లెక్కలో ఏదీ పెద్దగా లేకపోతే లాగ్ ఫైళ్లను అనుమానించండి. లినక్స్‌లో అవి /వార్/లిబ్/డాకర్/కంటైనర్స్ కింద ఉంటాయి. మామూలు అమరికలో వాటికి పరిమితి లేదు, నెలల తరబడి పెరుగుతూనే ఉంటాయి. 'రన్'లో '--లాగ్-ఆప్ట్ మ్యాక్స్-సైజ్=10ఎం --లాగ్-ఆప్ట్ మ్యాక్స్-ఫైల్=3' చేరిస్తే ఒక్కో కంటైనర్ లాగ్ సుమారు 30 ఎంబీ దాటదు. ఇది కొత్తగా పుట్టించిన కంటైనర్లకే వర్తిస్తుంది. పాతవాటిని తీసి మళ్లీ 'రన్' చేయాలి, అదీ డేటా వాల్యూమ్‌లో భద్రంగా ఉందని చూసుకున్నాకే.