ధర తెలిసిన రైతు అక్కడే ఎందుకు అమ్ముతాడు?

చిరంజీవి మేనకోడలికి,
ఆశీస్సులు.

నువ్వు పంపిన ప్రాజెక్టు కాగితాలు చదివాను. మిర్చి ధరల సమాచారం ఫోన్లలో రైతుకి ఎలా చేరుతోంది, చేరాక అమ్మకంలో ఏం మారుతోంది అనేది మంచి ప్రశ్నే. ప్రశ్నావళి మాత్రం సగం ఫోన్ కంపెనీ వాళ్లు రాసినట్టుంది. ఏ ఫోన్ వాడతారు, నెలకి రీఛార్జి ఎంత, ఏ యాప్ ఉంది, ఎన్ని వాట్సాప్ గ్రూపుల్లో ఉన్నారు... పేజీలకి పేజీలు ఇవే. అడ్తిదారు (రైతు సరుకుని మార్కెట్లో కమీషన్ మీద అమ్మిపెట్టే వ్యాపారి) దగ్గర అప్పు ఉందా అన్నది ఒకే ఒక్క ప్రశ్న, అదీ చివరి పేజీలో, ఉంది, లేదు అని టిక్కు పెట్టడానికి. అడిగేటప్పుడు అది చివర్లోనే ఉండాలి, పరిచయం లేనివాళ్లకి ఎవరూ అప్పు సంగతి ముందే చెప్పరు. కానీ నీ ఆలోచనలో మాత్రం దాన్ని మొదటికి తెచ్చుకో.

ఎందుకంటున్నానో చెబుతాను. ఈ విషయంలో అందరూ ఎత్తేది కేరళ మాటే. రాబర్ట్ జెన్సెన్ అనే ఆర్థికవేత్త ఉత్తర కేరళ తీరంలో 1997, 2001 మధ్య సెల్‌ఫోన్లు దశలవారీగా వచ్చినప్పుడు చేపల రేవుల్లో ఏం జరిగిందో చూసి 2007లో పేపరు వేశాడు. ఒక రేవులో కొనేవాళ్లు లేక చేప పారబోస్తుంటే, పక్క రేవులో చేప దొరక్క ధర ఎగురుతుండేది. ఫోన్లు వచ్చాక పడవలో ఉండగానే కనుక్కొని, ధర ఉన్నచోటికి వెళ్లడం మొదలైంది. జాలర్ల లాభం సగటున 8 శాతం పెరిగింది, కొనేవాళ్లకి ధర 4 శాతం తగ్గింది. పారబోసే చేప దాదాపు లేకుండా పోయింది. ఇది చదివి ఊళ్లో టవర్ వేస్తే చాలు, రైతు బాగుపడతాడని చాలామంది అనుకున్నారు.

తర్వాత మహారాష్ట్రలో ఫాఫ్‌షాంప్, మింటెన్ అనే ఇద్దరు 100 గ్రామాలు తీసుకొని, కొన్నిచోట్ల రైతులకి రాయిటర్స్ వాళ్ల ధరల ఎస్సెమ్మెస్ సర్వీసు ఏడాదిపాటు ఉచితంగా ఇప్పించారు. 2012లో ఫలితాలు వచ్చాయి. రైతుకి అందిన ధరలో చెప్పుకోదగ్గ తేడా లేదు. మధ్యప్రదేశ్‌లో మరో రకంగా జరిగింది. ఐటీసీ కంపెనీ 2000 నుంచి ఊళ్లలో, రైతులు ఇంటర్నెట్‌లో ధరలు చూసుకునే ఈ-చౌపాల్ కేంద్రాలు పెట్టింది. వాటి వల్ల అక్కడి మండీల్లో సోయాబీన్ ధర 1 నుంచి 3 శాతం పెరిగిందని అపరాజితా గోయల్ 2010 పేపర్లో చూపించింది.

మూడుచోట్లా కబురు అందింది. కానీ జాలరికి పడవ తిప్పుకునే వీలుంది. సోయా రైతుకి మండీ కాకపోతే కంపెనీ కొనుగోలు కేంద్రం ఉంది. మహారాష్ట్ర రైతుకి మెసేజ్ ఒక్కటే ఉంది. ఇది నేను చదువుకున్న తీరు, వేరేగా చదివేవాళ్లూ ఉంటారు. కానీ నీ పనికి పనికొచ్చే ప్రశ్న ఇందులోంచే వస్తుందని నా నమ్మకం: ధర తెలిశాక కూడా రైతు కదలకపోతే, కదలనివ్వనిది ఏది?

దానికోసం ముందు వరంగల్ ఎనుమాముల మార్కెట్‌కి వెళ్లు. మార్కెట్ తెరిచేసరికి అక్కడ ఉండాలి, టిఫిన్ చేసి తీరిగ్గా వెళితే సగం అయిపోతుంది. మంచి సరుకు చూసి వ్యాపారులు వేలం పాడతారు, ఆ పలికిన ధరే ఆ రోజు జెండా పాట. ఫోన్లలో తిరిగేది, మర్నాడు పేపర్లో వచ్చేది ఎక్కువగా ఆ అంకే. తర్వాత కొనేవాళ్లు వరసల వెంట నడుస్తారు. బస్తా మూతి విప్పి ఉంటుంది. మోచేతి దాకా చెయ్యి లోపలికి పెట్టి, అడుగు నుంచి పిడికెడు కాయలు తీస్తారు. రంగు చూస్తారు, తొడిమ చూస్తారు, తేమ ఎంతుందో గుప్పిట్లో నలిపి చూస్తారు. రంగు పోయిన తాలు కాయ కలిసిందంటే అక్కడే వేయి తగ్గుతుంది. రెండు మాటలు, గుమాస్తా చిట్టీ మీద ఒక గీత, ముందుకి. బస్తా పక్కన నిలబడ్డ రైతు నోరు విప్పడానికి కూడా టైం ఉండదు. నువ్వు వెళ్లినప్పుడు ఒక్క రైతుని పట్టుకొని, బస్తాలు దించిన దగ్గర్నుంచి డబ్బు చేతికొచ్చే దాకా అతనితోనే ఉండు. రాత్రి అక్కడే పడుకుంటే నువ్వూ ఆగు, తోడుకి ఎవర్నైనా తీసుకెళ్లు.

అమ్మాక తక్‌పట్టీ, అంటే తూకం, ధర, కోతలు రాసి ఇచ్చే మార్కెట్ రసీదు, చూపించమని అడుగు. నోటితో చెప్పే ధర వద్దు, నోటి ధర ఎప్పుడూ కాస్త పరువుగా ఉంటుంది. కాగితం మీద ఏముందో రాసుకో. ఆ రోజు జెండా పాట ఎంత, ఇతనికి పడింది ఎంత, కాటా, హమాలీ, కమీషన్ పోను మిగిలింది ఎంత, పాత అప్పు పట్టుకున్నాక ఇంటికి తీసుకెళ్లింది ఎంత, అది ఏ తేదీన వచ్చింది. తేదీ తప్పకుండా రాయి. వెంటనే డబ్బు కావాలంటే కొంత కోసి ఇచ్చే అలవాటు కొన్నిచోట్ల ఉంది, తేదీ లేకపోతే నీ లెక్కలో అది కనిపించదు. రసీదు లేకుండా ఉత్త తెల్ల చిట్టీ మీదే వ్యవహారం నడిస్తే అది కూడా అలాగే రాసుకో, తీర్పు చెప్పకు.

అడ్తిదారుని విలన్ చేసుకొని వెళ్లకు. చదువుకున్న పిల్లలందరూ చేసే పనే ఇది. ఊళ్లో అర్ధరాత్రి కాన్పు కష్టమైతే ఆస్పత్రికి డబ్బు ఎవరు పంపుతారో అడిగి చూడు. పెట్టుబడి అతనిదే, ఎరువుకి చీటీ రాసిచ్చేది అతనే, పంట వచ్చాక సరుకు ఆ కొట్టుకే దిగాలన్న మాట కూడా అతనిదే. ఈ మూడూ కలిసి ఒకే సంబంధం. నువ్వు సర్వేలో అప్పు ఒక పేజీలో, సమాచారం ఒక పేజీలో, అమ్మకం ఒక పేజీలో విడగొడితే, ఊళ్లో ముడేసి ఉన్నది నీ కాగితం మీద విడిపోతుంది. అతనితో కూడా కూర్చో. కోల్డ్ స్టోరేజీల్లో ఎంత సరుకు ఉంది, బయటి రాష్ట్రాల నుంచి ఎవరు అడుగుతున్నారు, గుంటూరులో ఏం నడుస్తోంది, ఇవన్నీ అతని ఫోన్‌లో ఉంటాయి. యజమాని దొరక్కపోతే గుమాస్తాతో టీ తాగు. గుమాస్తాకి తెలియంది ఉండదు, అతన్ని అడిగేవాళ్లూ ఉండరు.

ఎరువులు, మందుల కొట్టుని మర్చిపోకు. 2003లో జాతీయ నమూనా సర్వే వాళ్లు వ్యవసాయ సమాచారం ఎక్కడి నుంచి వస్తుందని దేశమంతా అడిగారు. 16.7 శాతం కుటుంబాలు తోటి రైతుల పేరు చెప్పాయి, 13.1 శాతం దుకాణదారుడి పేరు, 13 శాతం రేడియో పేరు. అసలు ఏదో ఒక చోట నుంచి సమాచారం అందినవాళ్లే 40 శాతం. అదే ఏడాది రాజేంద్రనగర్‌లోని మేనేజ్ అనే వ్యవసాయ విస్తరణ శిక్షణ సంస్థ ఈ దుకాణదారులకే ఏడాది డిప్లొమా మొదలుపెట్టింది. మందు అమ్మేవాడే సలహాదారు అన్న వాస్తవాన్ని ఒప్పుకొని, అతనికే నేర్పుదామనుకున్నారన్నమాట. అది మంచిదా కాదా అంటే నాకు ఇప్పటికీ రెండు రకాలుగా అనిపిస్తుంది.

ఇంకో పాత సంగతి. అమెరికాలో అయోవా రైతులు హైబ్రిడ్ మొక్కజొన్న ఎలా అందుకున్నారో రయాన్, గ్రాస్ అనే ఇద్దరు 1943లో రాశారు. కొత్త విత్తనం సంగతి చాలామంది సేల్స్‌మన్ దగ్గర విన్నారు, కానీ ధైర్యం చేసి వేసింది పొరుగువాడి చేను చూశాక. కాబట్టి "ఎక్కడ విన్నారు", "ఎవరి మాట పట్టుకొని చేశారు" అని రెండు ప్రశ్నలు వేరువేరుగా పెట్టు. నీ కాగితంలో "సమాచార వనరు" అని ఒకటే ఉంది. అది ఆఫీసు భాష కూడా. "పోయినసారి కాయ అమ్మే ముందు ఎవరికి ఫోన్ చేశావన్నా?" అని అడుగు. సాధారణంగా ఏం చేస్తారని అడిగితే పాఠం అప్పజెబుతారు, పోయినసారి ఏం చేశారని అడిగితే జరిగింది చెబుతారు.

ఊళ్లోకి వ్యవసాయ శాఖ జీపులో దిగకు. సర్పంచ్ ఇంట్లో భోంచేస్తే ఆ రోజు ఇంకో వాడకట్టు నీకు మూసుకుపోతుంది. కౌలుదార్లని వెతుక్కుంటూ వెళ్లాలి, పట్టా ఉన్నవాళ్ల లిస్టు పట్టుకుంటే వాళ్లు నీ శాంపిల్‌లోకే రారు. కాయ ఏరే ఆడవాళ్ల దగ్గర చేను గట్టున కూర్చో. ఏ చేను కాయ రంగు పోయింది, ఎవరు ఎప్పుడు బండి కట్టిస్తున్నారు అనేది వాళ్లకి ముందు తెలుస్తుంది. వీలైతే ఏదో ఒక ఊళ్లో గది అద్దెకి తీసుకో. పటాన్‌చెరులోని ఇక్రిశాట్ వ్యవసాయ పరిశోధన సంస్థ వాళ్లు 1975లో అప్పటి మహబూబ్‌నగర్ జిల్లా ఔరేపల్లి, దోకూరుల్లో అధ్యయనం మొదలుపెట్టినప్పుడు పరిశోధకుల్ని ఊళ్లోనే ఉంచారు. ఆ లెక్కల మీద ఇన్నేళ్లుగా జనం పేపర్లు రాస్తున్నారంటే కారణం అదే.

అప్పు ఎంత, ఎవరికి అన్నది రైతు పేరు పక్కన ఎప్పుడూ రాయకు. పేరుకి ఒక నంబరు పెట్టి, ఆ జాబితా వేరే నోటుబుక్కులో ఉంచు. ఆ నోటుబుక్కు ఊళ్లోకి తీసుకెళ్లకు. ఫోన్ కాల్ లిస్టు చూపించమంటే మొహమాటానికి చూపిస్తారు, అందుకని అడిగే ముందు వద్దన్నా పర్లేదని గట్టిగా చెప్పు.

ప్రశ్నావళిని సరిచేసి సంక్రాంతి లోపే నాకు పంపు. పండగ దాటితే కాయ ఏరుడు జోరందుకుంటుంది, అప్పుడు నీతో కూర్చొని మాట్లాడే తీరిక ఎవరికీ ఉండదు. నర్సంపేట వైపు వెళ్లేటట్టయితే ముందు హనుమకొండలో దిగి ఇంటికి రా, అటువైపు నాకు తెలిసిన రైతులకి నేనే ఫోన్ చేసి చెబుతాను.

మీ మామయ్య