60 అడుగుల రోడ్డు కోసం మా ఇంట్లోకి 12 అడుగుల గీత: కౌన్సిల్ తీర్మానం ఒక్కటే సరిపోతుందా?

ప్రశ్న: మాది ఆంధ్రప్రదేశ్‌లో ఒక మున్సిపాలిటీ. మా ఇంటి ముందున్న 40 అడుగుల రోడ్డును 60 అడుగులు చేయాలని కౌన్సిల్ తీర్మానం చేసింది. రెండు వైపులా పదేసి అడుగులు పోతాయన్నారు. తీరా టౌన్ ప్లానింగ్ సిబ్బంది వచ్చి మా గోడ నుంచి 12 అడుగులు లోపలికి కొలిచి ఎర్ర గీత పెట్టి వెళ్లారు. ఇంటి ముఖం 30 అడుగులు. కాగితం ఏదీ ఇవ్వలేదు. వారంలోగా ఎవరి భాగం వాళ్లే కొట్టేసుకోవాలని మైకులో చెప్పి పోయారు. డబ్బు ఇవ్వరట, బదులుగా టీడీఆర్ బాండు (వేరేచోట అదనంగా కట్టుకునే హక్కు పత్రం) ఇస్తారట. సమ్మతి పత్రం మీద సంతకం పెట్టమని రెండుసార్లు వచ్చి అడిగారు. ముందు గదిలో మెడికల్ షాపు అద్దెకు నడుస్తోంది. కౌన్సిల్ తీర్మానం అయిపోయాక మేం చేయగలిగింది ఏమైనా ఉందా?

జవాబు: ఉంది. అయితే ముందు ఆ సమ్మతి పత్రం మీద సంతకం పెట్టకండి, మీ చేతులతో మీరు గోడ కొట్టుకోకండి. ఈ రెండింటిలో ఏది జరిగినా, ఇక్కడ చెప్పబోయే హక్కుల్లో సగం అక్కడితో పోయినట్టే.

కౌన్సిల్‌కు ఏ అధికారం ఉంది, ఏది లేదు అన్నది విడదీసి చూడాలి. ఏ రోడ్డు బాగు చేయాలి, ఎంత వెడల్పు చేయాలి, దానికి ఏ నిధులు వాడాలి అన్నవి కౌన్సిల్ నిర్ణయించే విషయాలు. 74వ రాజ్యాంగ సవరణ తర్వాత ఆర్టికల్ 243డబ్ల్యూ, పన్నెండో షెడ్యూలు ప్రకారం పట్టణ ప్రణాళిక, రోడ్లు, వంతెనలు స్థానిక సంస్థలకు అప్పగించే పనుల్లో ఉన్నాయి. ‘ఈ రోడ్డు 60 అడుగులు అక్కర్లేదు, 50 చాలు’ అంటూ కోర్టుకు వెళ్తే మామూలుగా నిలబడదు. కానీ తీర్మానం వల్ల మీ స్థలం మున్సిపాలిటీది అయిపోదు. మాస్టర్ ప్లాన్‌లో గీత ఉన్నా కాదు. అది భవిష్యత్తులో రోడ్డు ఇంత ఉండాలన్న ఆలోచన మాత్రమే. పట్టా స్థలం చేతులు మారాలంటే మీరు రిజిస్టర్డ్ పత్రంతో ఇవ్వాలి, లేదా చట్టప్రకారం సేకరించాలి. చట్టం ఇచ్చిన అధికారం లేకుండా ఎవరి ఆస్తినీ తీసుకోరాదని ఆర్టికల్ 300ఎ చెబుతోంది. కోల్‌కతా కార్పొరేషన్ కేసులో 2024 మే 16న సుప్రీంకోర్టు ఈ ఆర్టికల్‌ను ఏడు ముక్కలుగా విడదీసి చెప్పింది: నోటీసు, అభ్యంతరాలు వినడం, కారణాలతో కూడిన నిర్ణయం, ప్రజా ప్రయోజనం, న్యాయమైన పరిహారం, సకాలంలో ప్రక్రియ నడపడం, చివరికి స్వాధీనంతో ముగించడం. మీ విషయంలో ఇప్పటికి ప్రజా ప్రయోజనం ఒక్కటే కనిపిస్తోంది.

మీకు ఇంకా దగ్గరి తీర్పు 2024 నవంబరు 6న వచ్చింది. ఉత్తరప్రదేశ్‌లోని మహరాజ్‌గంజ్‌లో రోడ్డు విస్తరణ పేరుతో 2019లో ఒక ఇల్లు కూల్చారు. ఆక్రమణ 3.70 మీటర్లే అన్నారు, కూల్చింది మాత్రం అంతకు మించి లోపలికి. రాతపూర్వక నోటీసు లేదు. సుప్రీంకోర్టు 25 లక్షల రూపాయల మధ్యంతర పరిహారం ఇప్పించి, రోడ్డు వెడల్పు చేసేటప్పుడు ఏం చేయాలో అన్ని రాష్ట్రాలకూ వర్తించేలా చెప్పింది. ముందు రికార్డుల ప్రకారం, మ్యాపుల ప్రకారం ఇప్పటి రోడ్డు వెడల్పు తేల్చాలి. ఆ హద్దులతో సర్వే చేసి ఆక్రమణ ఉందో లేదో చూడాలి. ఉంటే రాతపూర్వక నోటీసు ఇవ్వాలి. అభ్యంతరం వస్తే కారణాలు రాసి తేల్చాలి, తోసిపుచ్చితే ఖాళీ చేయడానికి తగిన గడువు ఇవ్వాలి. ఉన్న రోడ్డు, పక్కనున్న ప్రభుత్వ స్థలం కలిపినా చాలకపోతే భూసేకరణ చేశాకే పని మొదలుపెట్టాలి. మైకులో చెప్పడం ఇందులో ఎక్కడా లేదు. మీ అర్జీలో ఈ తీర్పు తేదీ తప్పకుండా రాయండి.

అదే నెల 13న కూల్చివేతల మీద వచ్చిన మరో తీర్పు 15 రోజుల నోటీసు తప్పనిసరి చేసింది. దాన్ని పట్టుకుని ధైర్యంగా ఉండిపోవద్దు. రోడ్డు, ఫుట్‌పాత్ వంటి బహిరంగ స్థలాల్లోని అనధికార కట్టడాలకు అది వర్తించదని అందులోనే ఉంది. ‘మీ గోడ రోడ్డులోనే ఉంది’ అని అధికారి అన్నాడంటే అసలు తగవు కొలత దగ్గరే. కాబట్టి కొలత సంగతి చూద్దాం.

మీకు 10 కాకుండా 12 ఎందుకు వచ్చిందన్నదే నా దృష్టిలో మీ ఉత్తరంలో అన్నిటికన్నా ముఖ్యమైన సంగతి. సాధారణంగా సిబ్బంది ఇప్పుడు కళ్లకు కనిపిస్తున్న రోడ్డుకు మధ్య బిందువు తీసి, అటు 30, ఇటు 30 కొలుస్తారు. ఎదుటి వైపు వాళ్లు మెట్లూ, ర్యాంపులూ, షెడ్లూ వేసుకుని 4 అడుగులు ముందుకు వచ్చి ఉన్నారనుకోండి. రికార్డులో 40 ఉన్న రోడ్డు నేల మీద 36 అవుతుంది. దాని మధ్య బిందువు మీ వైపు 2 అడుగులు జరుగుతుంది. అక్కడి నుంచి 30 కొలిస్తే మీ ఇంట్లోకి 10 కాదు, 12 వస్తుంది. ఎదుటివాళ్ల ఆక్రమణ భారం మీ మీద పడుతుంది. మీ 30 అడుగుల ముఖానికి ఆ తేడా 60 చదరపు అడుగులు, అంటే దాదాపు 6.67 గజాలు. మీ కేసులో ఇదే జరిగిందని ఇక్కడి నుంచి నేను చెప్పలేను. అయితే టేపు పట్టుకుని ఇప్పుడున్న రోడ్డును మీ ఇంటి దగ్గర, నాలుగిళ్ల అవతల, వీధి మొదట్లో కొలవండి. 40కి తక్కువ వస్తే అనుమానం గట్టిపడుతుంది. కొలిచేటప్పుడు టేపు రెండు చివరలూ కనిపించేలా ఫోటోలు తీయండి.

ఇక కాగితాలు. మీ దస్తావేజు, లింకు దస్తావేజుల్లో ‘తూర్పు: మున్సిపల్ రోడ్డు’ అని మాత్రమే రాసి ఊరుకున్నారా, రోడ్డు వెడల్పు, మీ స్థలం కొలతలు అడుగుల్లో ఉన్నాయా చూడండి. దస్తావేజు కొలత కంటే మీ గోడ బయటకు ఉంటే ఆ మేరకు పరిహారం అడగలేరు, అది ముందే ఒప్పుకుని పక్కన పెట్టండి. టౌన్ సర్వే రికార్డులో మీ టీఎస్ నంబరు పటం నకలు తీసుకోండి. తర్వాత ఇంటి ప్లాను. చాలామంది ఇక్కడే దెబ్బతింటారు. మాస్టర్ ప్లాన్ రోడ్డు పక్కన పర్మిషన్ ఇచ్చేటప్పుడు, విస్తరణలో పోయే భాగాన్ని ఉచితంగా వదులుతామని అండర్‌టేకింగ్ (హామీ పత్రం) గానీ గిఫ్టు దస్తావేజు గానీ రాయించుకునే పద్ధతి ఉంది. ప్లాను షీటు మీద రోడ్డు వైపు చుక్కల గీతతో ఒక పట్టీ గీసి, దానిలో విస్తీర్ణం రాసి ఉంటే ఆ పర్మిషన్ ఫైలు మొత్తం నకలు తెప్పించండి. గిఫ్టు దస్తావేజు రిజిస్టరై ఉంటే ఆ భాగానికి డబ్బు అడిగే దారి చాలావరకు మూసుకుపోయినట్టే. అది ఈసీలో (ఆస్తి మీది రిజిస్ట్రేషన్ లావాదేవీలు చూపే ఎన్‌కంబరెన్స్ సర్టిఫికెట్‌లో) కనిపిస్తుంది. ఉత్త అండర్‌టేకింగ్ అయితే వాదించడానికి చోటుంది. బదులుగా సెట్‌బ్యాక్ (కట్టడం చుట్టూ వదలాల్సిన ఖాళీ) మినహాయింపు ఏదైనా వాడుకున్నారా అన్నదాన్ని బట్టి ఆ వాదన బలం మారుతుంది.

మున్సిపాలిటీ దగ్గర ఉన్నవాటి కోసం సమాచార హక్కు చట్టం కింద 10 రూపాయల ఫీజుతో దరఖాస్తు పెట్టండి. ‘రోడ్డు విస్తరణ వివరాలు ఇవ్వండి’ అని రాస్తే ఒక ముక్క జవాబు వస్తుంది. పేరు పెట్టి అడగాలి: తీర్మానం నకలు, దాని అజెండా నోట్, ఆ రోడ్డు విస్తరణ ప్లాను, మధ్య గీత ఏ రికార్డు ఆధారంగా తీశారో చూపే సర్వే నివేదిక, ఇంటింటికీ పోయే విస్తీర్ణం జాబితా, భూమి పరిహారానికి కేటాయించిన సొమ్ము వివరం. చివరి రెండూ కీలకం. జాబితాలో ఎదుటి వరుసకు ఎన్ని అడుగులు రాశారో చూస్తే పైన చెప్పిన తేడా బయటపడుతుంది. జవాబుకు 30 రోజుల గడువుంది, అందుకని కమిషనర్‌కు అర్జీ దాని కోసం ఆగకూడదు.

అర్జీ ఈ రోజే ఇవ్వండి. రెండు పేజీలు దాటనివ్వకండి. ‘రోడ్డు విస్తరణకు నేను వ్యతిరేకం కాదు’ అన్నది మొదటి వాక్యం. తర్వాత మీ టీఎస్ నంబరు, డోరు నంబరు, దస్తావేజు నంబరు. ఫలానా తేదీన 12 అడుగుల మేర గీత పెట్టారని, నోటీసు ఇవ్వలేదని, రికార్డు హద్దుల ప్రకారం మా సమక్షంలో సర్వే చేయించాలని, స్థలం అవసరమైతే 2013 భూసేకరణ చట్టం కింద సేకరించాలని, అప్పటిదాకా కట్టడం జోలికి రావద్దని రాయండి. నకలు కలెక్టరుకు పంపండి. ఆఫీసులో ఇచ్చి రెండో ప్రతి మీద ముద్ర, తేదీ వేయించుకోండి. తీసుకోకపోతే అప్పుడే రిజిస్ట్రేషన్‌తో స్పీడ్ పోస్టులో వేయండి. ముద్ర గానీ పోస్టు రసీదు గానీ లేకపోతే అర్జీ ఇచ్చినట్టు కోర్టులో చూపడం కష్టం.

డబ్బు ఎంత రావాలి? 2013 చట్టం సెక్షన్ 26 ప్రకారం రిజిస్ట్రేషన్ విలువ, గత మూడేళ్లలో చుట్టుపక్కల జరిగిన అమ్మకాల్లో ఎక్కువ ధర ఉన్న సగం దస్తావేజుల సగటు, ఈ రెండింటిలో ఏది ఎక్కువైతే అది తీసుకుంటారు. పట్టణాల్లో దాన్ని 1తో గుణిస్తారు, అంటే పెరగదు. దానికి కట్టడం విలువ కలిపి, మొత్తానికి 100 శాతం సొలేషియం (బలవంతంగా సేకరించినందుకు అదనంగా ఇచ్చే సొమ్ము) ఇస్తారు. లెక్క తెలియడానికి గజం 20,000 అనుకుందాం. 12 అడుగులను 30తో గుణిస్తే 360 చదరపు అడుగులు, అంటే 40 గజాలు, 8 లక్షలు. పోయే కట్టడం విలువ 4 లక్షలు అనుకుంటే 12 లక్షలు. సొలేషియంతో 24 లక్షలు. ఇది కాక భూమి విలువ మీద ఏడాదికి 12 శాతం, అంటే 96,000, నోటిఫికేషన్ నుంచి అవార్డు (కలెక్టరు పరిహారం తేల్చే ఉత్తర్వు) దాకా లేదా స్వాధీనం దాకా, ఏది ముందైతే అంతవరకు. గోడ మీరే ముందు కొట్టేస్తే ఆ 4 లక్షలకు ఆధారం ఉండదు, సొలేషియంలోనూ అంత తగ్గుతుంది. ఇప్పుడే ఇంజనీరుతో కొలతలు, ఫోటోలతో విలువ నివేదిక రాయించి పెట్టుకోండి.

అదే ఇంజనీరును పిల్లర్లు చూడమనండి. మొదటి వరుస పిల్లర్లు 12 అడుగుల లోపల ఉంటే, స్లాబు కోసినప్పుడు వెనక గదుల బీములకు ఆధారం పోతుంది. అది 40 గజాల నష్టం కాదు, ఇల్లంతటి నష్టం. ఇంట్లో కొంత భాగమే తీసుకుంటామంటే, యజమాని కోరితే మొత్తం ఇల్లు సేకరించాలని సెక్షన్ 94 చెబుతోంది. మిగిలిన భాగానికి కలిగే నష్టాన్ని కూడా పరిహారంలో కలపాలని సెక్షన్ 28లో ఉంది. ఈ రెండు సెక్షన్లూ దాదాపు ఎవరూ అడగరు, అడగనిది ఎవరూ ఇవ్వరు.

టీడీఆర్ అనేది మీరు ఒప్పుకుంటేనే. అది డబ్బు కాదు, వేరేచోట అదనంగా కట్టుకునే హక్కు పత్రం. మీకు కట్టే పని లేకపోతే బిల్డరుకు అమ్ముకోవాలి, ఆ రోజు ఎంత పలికితే అంతే. తీసుకుంటే నగదు పరిహారం వదులుకున్నట్టే, పైగా స్థలం రిజిస్టర్డ్ పత్రంతో ముందే ఇవ్వాలి. ఖాళీ స్థలం పోయేవాళ్లకు, పక్కనే అపార్టుమెంట్లు లేస్తున్న చోట ఇది పనికొస్తుంది. కట్టిన ఇల్లు, నెలవారీ అద్దె పోయే మీకు నేనైతే నగదే అడగమంటాను.

వారంలోగా జేసీబీ వస్తుందన్న భయం నిజమైతే హైకోర్టులో ఆర్టికల్ 226 కింద రిట్ వేయాలి. అవసరమైతే లంచ్ మోషన్‌గా అదే రోజు విచారణ కోరవచ్చు. కోరిక ఎలా రాశారన్నదే ముఖ్యం. విస్తరణ ఆపమని కాదు, సర్వే, నోటీసు, భూసేకరణ లేకుండా మా కట్టడం కూల్చరాదని అడగాలి. ఎర్ర గీత ఫోటో, ముద్ర ఉన్న అర్జీ, దస్తావేజు, ప్లాను, పన్ను రసీదు జతచేయాలి. చాలాసార్లు మున్సిపాలిటీ తరఫు లాయరు (స్టాండింగ్ కౌన్సెల్) ‘చట్టప్రకారమే చేస్తాం’ అని చెప్పడంతో రిట్ ముగుస్తుంది. ఓడిపోయామని నిరుత్సాహపడకండి, ఆ వాక్యం ఉత్తర్వులో ఎక్కడమే మీకు కావలసింది. హద్దు మీదే తగవు ముదిరితే మాత్రం రిట్ సరైన చోటు కాదు. సివిల్ కోర్టులో దావా వేసి, సర్వేయరుతో సహా అడ్వకేట్ కమిషనర్‌ను (కోర్టు నియమించే లాయరును) వేయించి కొలిపించాలి. అత్యవసరమైతే ముందస్తు రెండు నెలల నోటీసు లేకుండా దావా వేయడానికి సీపీసీ (సివిల్ ప్రొసీజర్ కోడ్) సెక్షన్ 80(2) కింద కోర్టు అనుమతి తీసుకోవచ్చు.

భూసేకరణ మొదలైతే ప్రాథమిక నోటిఫికేషన్ నుంచి 60 రోజుల్లో కలెక్టరుకు అభ్యంతరం ఇవ్వాలి. ‘అర్జెంటు’ పేరుతో ఇది ఎగ్గొట్టలేరు, సెక్షన్ 40 దేశ రక్షణ, జాతీయ భద్రత, ప్రకృతి విపత్తులు, పార్లమెంటు ఆమోదించిన ఇతర అత్యవసరాలకు తప్ప రోడ్డు విస్తరణకు వర్తించదు. అవార్డు సొమ్ము తక్కువనిపిస్తే చెక్కు వద్దనకండి. రసీదు మీద ‘అభ్యంతరంతో తీసుకుంటున్నాను’ అని రాసి తీసుకోండి. అలా రాయకుండా తీసుకుంటే సెక్షన్ 64 కింద ఎక్కువ అడిగే హక్కు పోతుంది. అవార్డు రోజు మీరు అక్కడ ఉంటే ఆ దరఖాస్తుకు గడువు ఆరు వారాలే.

మీ మెడికల్ షాపు అతనికి కూడా ఈ సంగతి చెప్పండి. మూడేళ్లుగా అక్కడే పని చేసుకుంటూ, ప్రధాన జీవనాధారం పోయే కుటుంబాన్ని చట్టం బాధిత కుటుంబంగా గుర్తిస్తుంది. అద్దె అగ్రిమెంటు, డ్రగ్ లైసెన్సు, జీఎస్టీ రిజిస్ట్రేషన్ ఆ చిరునామాతో ఉంటే ఆయన తన పేరుతో వేరే అర్జీ ఇచ్చుకోవాలి. మీ అర్జీలో ఆయన ప్రస్తావన ఒక వాక్యం చాలు.