ఆపరేషన్ గాయంలో చీముకి, ఎముక కణితికి లైట్ ట్రీట్‌మెంట్ పనిచేస్తుందా?

ఇంట్లో పెట్టుకునే లైటైతే పనిచేయదు. మా ఇంట్లో చేసి చూశాం కాబట్టి చెప్తున్నా.

మూడేళ్ల కిందట గుంటూరు కొత్తపేటలో నాన్నకి మోకీలు మార్చారు. పదకొండో రోజు కట్టు విప్పితే రెండు కుట్ల మధ్య నుంచి చిక్కటి చీము. అమ్మ తప్పంతా పప్పు మీదకి నెట్టేసింది, "చీము పడుతుందంటే విన్నారా!" అని. బావేమో ఎర్ర బల్బు దీపం తెచ్చాడు. "లైటుకి క్రిములు చస్తాయంట మావయ్యా" అంటూ రోజూ రెండు పూటలా అరగంట. నాన్నకి షుగరు, కాళ్లు తిమ్మిరి, వేడి తెలీలేదు. నాలుగో రోజుకి కుట్ల పక్కన రూపాయి బిళ్లంత బొబ్బ. డ్రెస్సింగ్ చేసే సిస్టర్ బొబ్బ వంక చూసి, బావ వంక చూసి, ఏమీ అనకుండా దూది తీసుకుంది. చివరికి మళ్లీ కోసి, కడిగి, లోపలి ప్లాస్టిక్ ముక్క మార్చి, వారాల తరబడి యాంటీబయాటిక్స్ ఇచ్చారు.

అసలైన లైట్ వైద్యంలో (ఫోటోడైనమిక్ థెరపీ అంటారు) ముందు రంగు మందు పడాలి. ఆ మందు మీద దానికి తగిన రంగు కాంతి పడితే, అక్కడున్న ఆక్సిజన్ విషంగా మారి కణాన్ని చంపుతుంది. రంగు మందు, కాంతి కలిస్తే సూక్ష్మజీవులు చస్తాయని 1900లో జర్మనీలోని మ్యూనిక్‌లో ఆస్కార్ రాబ్ అనే విద్యార్థి ప్రకటించాడు. బావ దీపంలో వేడి తప్ప మందేది?

పైగా కాంతి ఒంట్లోకి కొన్ని మిల్లీమీటర్లు, మహా అయితే సెంటీమీటరు దిగుతుంది. ఎముక దాకా వెళ్లాలంటే కోయాలి, లేదా సన్నటి ఫైబర్ దూర్చాలి. జపాన్‌లో కణితి తీసేశాక మిగిలిన కణాల కోసం అక్రిడిన్ ఆరెంజ్ అనే రంగు మందు వేసి కాంతి పెట్టారు. ఎముక క్యాన్సర్‌కి కీమో, ఆపరేషన్ మానేసి దీన్ని నమ్ముకోవద్దు. క్యాన్సర్‌కి వాడే ఫోటోఫ్రిన్ అనే ఇలాంటి మందు ఇంజెక్షన్ చేస్తే కనీసం నెల రోజులు ఎండ తగలకూడదు. బెజవాడలో, మే నెలలో!

నాకు నచ్చింది కెనడాలోని వాంకూవర్ పద్ధతి. ఆపరేషన్‌కి ముందే ముక్కులో మిథిలీన్ బ్లూ అనే నీలం రంగు మందు రాసి ఎర్ర కాంతి పెడతారు. గాయంలో చీము పట్టించే స్టాఫ్ (స్టెఫైలోకాకస్) అనే క్రిమి చాలామందికి ముక్కులోనే కాపురం ఉంటుంది మరి. మనవాళ్లు చీము పట్టాక పరిగెడతారు. మీవాళ్లకి ఆపరేషనుంటే "ముక్కులో క్రిమికి ఏం చేస్తారు?" అని సర్జన్‌ని ముందే అడగండి. బత్తాయిలు పట్టుకొచ్చి మంచం మీదే కూర్చుని, "ఏదీ, చూద్దాం" అంటూ కట్టు అంచు ఎత్తే చుట్టాలని మాత్రం గుమ్మంలోనే ఆపండి. మా పెద్దత్తయ్యని నేను ఆపలేకపోయాను.