పలకైనా గోడైనా, ముందు పూత చూసుకో

చిరంజీవి అమ్మాయికి ఆశీస్సులు.

నీ ఉత్తరం అందింది. ఐకాన్లు, అంటే చెక్క పలక మీద క్రీస్తు, పునీతుల పూజాచిత్రాలు, వెయ్యడం గట్టిగా నేర్చుకుంటానని, ఆ తర్వాత చర్చి గోడకు ఫ్రెస్కో, అంటే తడి సున్నపు పూత మీద బొమ్మ, కూడా వేస్తానని రాశావు. సంతోషం. అయితే నువ్వడిగినవన్నీ పైపై సంగతులే: ముఖం ఎలా తీర్చాలి, బంగారు రేకు ఎలా అతకాలి, ఏ నీలం కొనాలి. రంగు కింద ఉండే పూత గురించి ఒక్క మాటా అడగలేదు. పదేళ్లకే పెచ్చులూడే ఐకాన్లలో, తెల్లబారిపోయే గోడల్లో రంగు చేసిన తప్పు చాలా తక్కువ. దోషం దాదాపు ఎప్పుడూ దాని కిందే ఉంటుంది. అందుకని ఈ ఉత్తరంలో సగం సుద్దా, సున్నమే. విసుక్కోకుండా చదువు.

ముందు పలక. లిండెన్ చెక్క దొరికితే అదే మేలు. జిగురు కారదు, ముడులు తక్కువ, ఉలికి లొంగుతుంది. అడ్డకోతలో చూస్తే వయసు వలయాలు పలక ముఖానికి నిటారుగా నిలబడి ఉండాలి. అలాంటిది తక్కువగా వంగుతుంది. 30 × 40 సెంటీమీటర్ల ఐకాన్‌కు రెండున్నర, మూడు సెంటీమీటర్ల మందం సరిపోతుంది. వెనక రెండు అడ్డపట్టీలు గాడి తీసి దూర్చు. జిగురూ వద్దు, మేకులూ వద్దు. చెక్క తేమను బట్టి ఉబ్బుతుంది, ముడుచుకుంటుంది. పట్టీని బిగించేస్తే కదలడానికి చోటు లేక పలకే పగులుతుంది. మొదటి పది ఐకాన్ల వరకు మంచి బిర్చ్ ప్లైవుడ్ చాలు. పాడైనా బాధ ఉండదు.

ఇక సుద్దపూత. రష్యన్ పనివాళ్లు దీన్ని లెవ్‌కాస్ అంటారు. లీటరు నీళ్లలో 70 గ్రాముల కుందేలుతోలు జిగురు రాత్రంతా నానబెట్టు. పొద్దున్నకి అది ఉబ్బి మెత్తబడుతుంది. ఆ గిన్నెను వేడినీళ్ల గిన్నెలో పెట్టి కరిగించు. నేరుగా మంట మీద పెట్టకు. వేడి 60 డిగ్రీలు దాటకూడదు, మరిగిన జిగురుకు పట్టు పోతుంది. ఈ జిగురునీళ్లు పలకకు రెండుసార్లు పట్టించు. ఆరాక బాగా ఉతికిన పాత నార గుడ్డను అదే జిగురులో ముంచి, ముడత లేకుండా పరిచి, మధ్య నుంచి అంచులకు అరచేత్తో ఒత్తుకుంటూ వెళ్లు. ఒకరోజు ఆరనివ్వు. చెక్క కదలికను ఆ గుడ్డ కొంత ఓర్చుకుంటుంది, పూతదాకా పోనివ్వదు.

గోరువెచ్చని జిగురునీళ్లు ఒక గిన్నె ఉంటే, జల్లించిన సుద్ద గిన్నెన్నర. సుద్దను పైనుంచి నెమ్మదిగా రాల్చు. అది తనంతట తాను మునిగేదాకా గరిట పెట్టకు. తొందరపడి గిలకొడితే గాలిబుడగలు చేరతాయి, అవే రేపు పూతంతా సూదిమొన చిల్లులవుతాయి. మొదటి పొర వేళ్లతో గుడ్డ నేతలోకి రుద్దాలి. తర్వాత ఎనిమిది నుంచి పది పొరలు కుంచెతో, ఒకటి నిలువుగా వేస్తే మరొకటి అడ్డంగా. పై తడిమెరుపు పోగానే తర్వాతి పొర. అన్నిటికీ ఒకటే జిగురు బలం ఉండాలి. కింద పలచని జిగురు, పైన గట్టి జిగురు పడితే పైపొర ముడుచుకుంటూ కిందిదాన్ని లాగేసి పగలగొడుతుంది. బాగుచేయలేని తప్పు ఇదొక్కటే. మొత్తం గీకి మళ్లీ మొదలుపెట్టాలి.

ఆరిన పూత మీద గోరుతో గీసి చూడు. పొడిగా రాలితే జిగురు తక్కువ. గోరు ఆనకుండా గాజులా జారితే ఎక్కువ. సన్నని గీత పడి, పొడి మాత్రం రాలకపోతే సరిపోయినట్టు. పంకా కింద గానీ ఎండలో గానీ పెట్టి ఆరబెట్టకు, సాలెగూడులా సన్న పగుళ్లు లేస్తాయి. మూడు నాలుగు రోజులయ్యాక ఉప్పుకాగితం పట్టు, 180 నంబరుతో మొదలుపెట్టి 600 దాకా. మూతికి గుడ్డ కట్టుకో. చీకటి గదిలో దీపాన్ని పలకకు పక్కవాటుగా పెట్టి చూడు. పగటి వెలుగులో చదునుగా కనపడిన పూతలో గుంటలు, కుంచె చాళ్లు అన్నీ నీడలుగా లేస్తాయి. ఆ నీడలన్నీ పోయేదాకా అది పూర్తయినట్టు కాదు.

బొమ్మ విషయంలో ఒకటే మాట: సొంత కల్పన తర్వాత, ముందు నకలు. 1551లో మాస్కోలో జరిగిన చర్చి సభ పాత రష్యన్ చిత్రకారుడు ఆంద్రెయ్ రుబ్ల్యోవ్ పద్ధతిని అనుసరించమని చిత్రకారులకు చెప్పింది. గత శతాబ్దంలో గ్రీసులో ఫోతిస్ కొంతోగ్లు, పారిస్‌లో లియొనీద్ ఉస్పెన్‌స్కీ ఈ విద్యను తిరిగి నిలబెట్టింది కూడా పాతవాటిని దగ్గరగా చదివే. ఒకే ముఖాన్ని కాగితం మీద ఇరవైసార్లు కుంచెతోనే గియ్యి, పెన్సిల్‌తో కాదు. గీత లావుగా మొదలై సన్నబడే తీరు చేతికి పట్టాలి. పూత మీద బొమ్మ దింపాక ముఖ్యమైన గీతల్ని సూదితో పలచగా చెక్కు. రంగుల కింద బొమ్మ మాయమైనప్పుడు ఆ చాళ్లే దారి చూపిస్తాయి.

బంగారం రంగులకన్నా ముందు. రంగు వేశాక రేకు అతికితే అది రంగుకీ అంటుకుంటుంది. ఎర్రమన్ను జిగురుతో నాలుగైదు పలుచని పూతలు వేసి, నునుపు చేసి, తడిపి, రేకు పరిచి, ఆగేట్ రాయితో మెరుగుపెట్టడం ఒక దారి. నూనె జిగురు మీద అతకడం రెండోది. మొదటి దారిలో అద్దంలాంటి మెరుపు వస్తుంది, రెండోదానిలో రాదు, కానీ నేర్చుకోవడానికి అదే తేలిక. గది తలుపులు మూసుకో. రేకు ఊపిరికే లేచిపోతుంది.

పచ్చసొన రంగు గురించి రెండు జాగ్రత్తలు. సొనను అరచేతిలో అటూ ఇటూ దొర్లిస్తూ తెల్లసొన తడి పోగొట్టు. తర్వాత పైతోలును రెండువేళ్లతో మెల్లగా ఎత్తి పట్టుకుని, కింద గిన్నెపెట్టి సూదితో పొడువు. లోపలిది జారుతుంది, తోలు వేళ్ల మధ్య మిగులుతుంది, దాన్ని పారెయ్. సొన ఎంతో నీళ్లంతే, కొన్ని చుక్కల తెల్ల వెనిగర్. అల్ట్రామెరైన్ నీలానికి మాత్రం వెనిగర్ పడదు, పులుపుకి ఆ రంగు వెలిసిపోతుంది. దానికి వాడే సొనలో ఉత్త నీళ్లే కలుపు. రంగుపొడిని నీళ్లతో ముద్దగా నూరి, అంతే సొననీళ్లు కలిపి, గాజు ముక్క మీద రాసి ఆరనివ్వు. కత్తితో గీకితే సన్నని తోలులా లేస్తే కుదిరింది. పొడిలా రాలితే సొన చాలలేదు. జిడ్డుగా మెరిస్తే ఎక్కువైంది. ఇంగిలీకం అనే ఎర్రరంగులో పాదరసం, సీసపు తెలుపులో సీసం ఉన్నాయి. మొదట్లో వాటి జోలికి వెళ్లకు. మట్టిరంగులు, టైటానియం తెలుపు ఉంటే చాలా దూరం వెళ్లొచ్చు.

ముఖం చీకటి నుంచి వెలుగులోకి నడుస్తుంది. పసుపుమన్ను, కాస్త నలుపు, ఆకుపచ్చ మన్ను కలిపిన మబ్బు రంగు అడుగున పరుస్తారు. సాంకిర్ అని దాని పేరు. పలకను నేలకు సమాంతరంగా ఉంచి, రంగును చిన్న మడుగులా నింపి, తనంతట ఆరనివ్వు. ఆరుతున్న మడుగులో మళ్లీ కుంచె పెట్టావా, కింది పొర లేచి గుంట పడుతుంది. దాని మీద పసుపుమన్నుతో మూడు వెలుగులు: ఒక్కొక్కటీ ముందుదానికన్నా తేలిక, ముందుదానికన్నా చిన్నచోట. చివర్లో కళ్ల కింద, ముక్కు మీద తెల్లటి సన్న గీతలు, లెక్కగా. కొత్తవాళ్లు ఇక్కడే చెయ్యి ఆపలేరు.

పేరు రాయకుండా పని ముగించకు. క్రీస్తు ఐకాన్‌లో యేసు, క్రీస్తు అనే గ్రీకు పేర్ల మొదటి, చివరి అక్షరాలు, ప్రభావలయపు సిలువలో 'ఉన్నవాడు' అనే అర్థమిచ్చే మూడు గ్రీకు అక్షరాలు ఉండాలి. మన పాత తెలుగులోనూ చిత్తరువు 'వ్రాయడమే', గీయడం కాదు. గ్రీకులోనూ రెండిటికీ ఒకటే క్రియ. సొనరంగు కనీసం కొన్ని వారాలు గట్టిపడ్డాకే కాచిన అవిసెనూనె పట్టించు. పోసి, అరచేత్తో పరిచి, జిగటగా మారే వేళకు మిగులు తీసెయ్. ఆ నూనె గుడ్డల్ని ఉండ చుట్టి మూల పడెయ్యకు, వాటంతటవే అంటుకుంటాయి. నీళ్లలో ముంచి ఉంచు.

ఇక గోడ. ముందు గోడ ఒప్పుకుంటుందో లేదో చూడు. పైకప్పు కారుతుంటే, పునాది నుంచి చెమ్మ ఎక్కుతుంటే, కట్టి ఏడాదైనా కాకపోతే ఫ్రెస్కో వద్దు. సిమెంటు పూత ఉంటే ఊడ్చెయ్యాల్సిందే. అందులోని లవణాలు తేమతో బయటికొచ్చి రంగు మీద తెల్లని పొరగా పేరుకుంటాయి. జిప్సం కూడా పనికిరాదు. ఇవేవీ సరిచేయలేని చోట మరో దారుంది. గుడ్డ మీద అక్రిలిక్‌తో పనిశాలలోనే వేసి గోడకు అతికించడం ఇప్పుడు చాలాచోట్ల మామూలే. 1878లో కైమ్ అనే ఆయన పేటెంటు తీసుకున్న సిలికేట్ రంగులు సున్నపు పూత మీద చక్కగా పడతాయి, జిప్సం మీద మాత్రం నిలవవు. వీటిని తక్కువగా చూడకు. చెమ్మ గోడ మీద వేసిన అసలు ఫ్రెస్కోకన్నా సరైన గోడ మీద సిలికేట్ ఎక్కువకాలం ఉంటుంది.

ఫ్రెస్కోలో జిగురు లేదు. తడి సున్నం గాలిలోని కార్బన్ డయాక్సైడ్‌ను పట్టుకుని మళ్లీ సున్నపురాయిగా మారుతూ రంగురేణువుల్ని తనలో బిగించుకుంటుంది, అంతే. అందుకే సున్నం పాతదై ఉండాలి. ముడిసున్నం నీళ్లలో మగ్గబెట్టి కనీసం ఆరు నెలలు, వీలైతే ఏళ్లు ఉంచిన ముద్ద వెన్నలా ఉంటుంది. సంచి పొడితో అంత నునుపు రాదు.

అడుగుపూతకు ఒక పాలు సున్నం, మూడు పాళ్లు కడిగిన ముతక ఇసుక, సెంటీమీటరుకు కాస్త పైగా మందం, పైన గరుకుగా గీతలు. ఉప్పు నేలల ఇసుక ఎంత కడిగినా నమ్మొద్దు. బైజాంటైన్ మేస్త్రీలు ఇందులో తరిగిన గడ్డి, పైపూతలో నారపీచు కలిపేవారు. పీచు తేమను పట్టి ఉంచుతుంది, పగుళ్లను ఆపుతుంది. అడుగుపూతను కొన్ని వారాలు ఆరనిచ్చి, వెయ్యబోయే ముందురోజు సాయంత్రం తడుపు, పొద్దున మళ్లీ తడుపు. నీళ్లు పీల్చడం ఆగినప్పుడు పైపూత మొదలుపెట్టు: ఒక పాలు సున్నం, రెండు పాళ్లు సన్న ఇసుక గానీ పాలరాతి పొడి గానీ, నాలుగైదు మిల్లీమీటర్లు. ఆ రోజు వెయ్యగలిగినంత మేరకే.

గంట, రెండు గంటలకు వేలు ఆనించి చూడు. దిగబడకుండా చల్లగా తగిలితే, కుంచెకు ఇసుక లేవకపోతే వేళైంది. అక్కడినుంచి ఆరు నుంచి ఎనిమిది గంటలు నీవి. ఎండగా, గాలిగా ఉంటే ఇంకా తక్కువ. రంగు ఉత్త నీళ్లతోనే కలుపు. గోడ రంగును వెంటనే పీల్చేసి, కుంచె ఈడ్చినట్టుంటే ఆపెయ్. 'ఇంకొక్క మడత' అని వేసిందంతా రేపు పొడిగా చేతికంటుకుంటుంది. మిగిలిన పూతను అంచు వాలుగా వచ్చేలా కోసి తీసెయ్. కోత ఎప్పుడూ వస్త్రం అంచునో, ప్రభావలయం అంచునో నడవాలి, ముఖం మీదుగా కాదు. పని పైనుంచి కిందికి, లేదంటే నీళ్లూ రంగూ కారి నిన్నటి పనిని పాడుచేస్తాయి.

సున్నానికి తట్టుకునేవి మట్టిరంగులు, క్రోమియం ఆక్సైడ్ ఆకుపచ్చ, కోబాల్ట్ నీలం. ప్రష్యన్ నీలం సున్నంలో చస్తుంది, సీసపు తెలుపు నల్లబడుతుంది. తెలుపుకు సున్నమే వాడు. 1378లో రష్యాలోని నొవ్‌గొరోద్‌లో గ్రీకు చిత్రకారుడు థియోఫెనెస్ వేసిన గోడలు దాదాపు ఎర్రమన్ను, తెలుపులతోనే నడిచాయి. రంగులు తక్కువైనందుకు అక్కడ ఏమీ లోటు కనిపించదు. తడి రంగు ఎండితే బాగా తేలికవుతుంది కాబట్టి ఇటుక ముక్క మీద చుక్కపెట్టి చూడు. నిమిషంలో అసలు రంగు తెలుస్తుంది. కళ్లద్దాలు, చేతి తొడుగులు మర్చిపోకు. పైకప్పు పని చేస్తున్నప్పుడు సున్నం కంట్లో పడితే చూపు పోగలదు. పడిన క్షణమే ధారగా నీళ్లతో కడిగి డాక్టరు దగ్గరికి వెళ్లాలి.

గుమ్మటంలో బొమ్మను దగ్గరగా చూసి కొలతలు వెయ్యకు. వంపు వల్ల కిందనుంచి చూసేవాళ్లకు ముఖం కురచగా కనపడుతుంది, గడ్డం వైపు సాగదియ్యాలి. కాగితం బొమ్మ పైన అంటించి, కిందికి దిగి, జనం నిలబడే చోట నిలబడి చూసుకున్నాకే పూత పెట్టించు.

వచ్చే ఏడాది గోడ మొదలుపెట్టాలనుకుంటే సున్నం ఈ నెలలోనే నానబెట్టు. మీద నాలుగు వేళ్ల ఎత్తు నీళ్లు ఎప్పుడూ తగ్గకుండా చూసుకో, మూత పెట్టు, పిల్లలకు అందనిచోట ఉంచు. అది మగ్గేలోపు పది ఐకాన్లు పూర్తి చెయ్యి.

ఇట్లు
నీ మేలు కోరే పెద్దమ్మ