భాగాలు ఎవరు ఎంచారు? మీ కంప్యూటర్ కేసు తేలేది అక్కడే

ప్రశ్న: ఇంట్లోనే మ్యూజిక్ చేసి ఇస్తూ దాని మీదే బతుకుతున్నాను. 21 నెలల క్రితం ఒకాయన చేత కంప్యూటర్ అసెంబుల్ చేయించుకున్నాను. ఏ పనికో ముందే చెప్పాను, భాగాలు ఆయనే ఎంచాడు, మదర్‌బోర్డు మాత్రం నేనడిగిన మోడల్. మొదటి వారం నుంచే పాడుతున్నా, వాయిస్తున్నా రికార్డింగులో చిటపటలు. మూడుసార్లు తీసుకెళ్లి బాగు చేశానన్నాడు, తగ్గలేదు. ఇప్పుడు ఫోన్ ఎత్తడం లేదు. బిల్లు తీసుకోలేదు. రెండు మంచి అవకాశాలు పోయాయి, టెన్షన్‌తో నిద్ర పట్టడం లేదు. హాబీ కోసం కొన్నానని రాసి వినియోగదారుల కేసు వెయ్యమని ఫ్రెండ్ అంటున్నాడు. చీటింగ్ కేసు కూడా పెట్టొచ్చా?

జవాబు: ఉత్తరమంతా మీకు జరిగిన నష్టం గురించే రాశారు. కేసును నిలబెట్టేది మాత్రం మీరు ఒక్క ముక్కలో చెప్పి వదిలేసిన మాట: "ఏ పనికో ముందే చెప్పాను, భాగాలు ఆయనే ఎంచాడు." 1930 నాటి వస్తు విక్రయ చట్టం 16వ సెక్షన్ ప్రకారం, కొనేవాడు తన అవసరం ఇదీ అని చెప్పి, అమ్మేవాడి నైపుణ్యాన్ని నమ్మి, ఆయన వ్యాపారంగా అమ్మే వస్తువు కొంటే, ఆ వస్తువు ఆ అవసరానికి పనికొచ్చి తీరాలి. కాగితం మీద రాయకపోయినా ఆ షరతు ఉన్నట్టే. మీరే ఎక్కడో చూసిన లిస్టు ఇచ్చి బిగించి పెట్టమని ఉంటే ఇంత బలంగా మాట్లాడే వీలుండేది కాదు.

అందుకే ఆ మదర్‌బోర్డు సంగతి నన్ను కలవరపెడుతోంది. ఫలానా మోడలే కావాలని పేరు చెప్పి అడిగిన వస్తువుకు ఆ సెక్షన్ రక్షణ దొరకదు. తప్పంతా బోర్డుదేనని ఆయన తప్పకుండా అంటాడు. మీరు ఆ మోడల్ అడిగినప్పుడు వాట్సాప్‌లో ఆయన ఏం జవాబిచ్చాడో ఇవాళే వెతకండి. "సరిపోతుంది, నేను చూసుకుంటాను" అని ఉంటే ఆ నిర్ణయంలో ఆయనకూ బాధ్యత ఉందని వాదించవచ్చు. ఏమీ అనకుండా తెచ్చి బిగించేసి ఉంటే, లోపం బోర్డులో కాక ఇంకెక్కడో ఉందని చూపించాల్సిన బరువు మీ మీద పడుతుంది.

చూపించడం ఎలా? 48 కిలోహెర్ట్జ్‌లో, అంటే సెకనుకు 48,000 శాంపిళ్ల లెక్కన, బఫర్ (ఒక్కో విడతలో తయారయ్యే ధ్వని ముక్క) 128 శాంపిళ్లు పెడితే ఒక్కో ముక్క ధ్వనిని తయారు చేయడానికి మెషిన్‌కు దక్కేది సుమారు 2.7 మిల్లీసెకన్లు. ఆలోగా వైఫైనో గ్రాఫిక్స్‌నో నడిపే డ్రైవర్ సాఫ్ట్‌వేర్ ప్రాసెసర్‌ను అంటిపెట్టుకుని కూర్చుంటే ధ్వని తెగుతుంది, మీకు చిటపట వినిపిస్తుంది. ఏ భాగానికా భాగం బాగానే ఉన్నా కలిపితే ఇలా అవుతుంది కాబట్టి, "విడిగా టెస్ట్ చేశాను, అన్నీ ఓకే" అనే ఆయన మాట సమాధానం కాదు. మీరు కొన్నది ఒక పనికోసం కూర్చిన మెషిన్, విడి భాగాలు కావు.

అదే ఆడియో ఇంటర్‌ఫేస్ (మైకును కంప్యూటర్‌కు కలిపే పెట్టె), అదే ప్రాజెక్టు, అదే బఫర్‌తో ఇంకో కంప్యూటర్‌లో శుభ్రంగా నడవడం, మీదాంట్లో తెగిపోవడం ఒకే వీడియోలో తీయండి. ఏ డ్రైవర్ ఎంత ఆలస్యం చేస్తోందో చూపే లేటెన్సీమాన్ ప్రోగ్రామ్ రిపోర్టు తీసి దాచండి. మెషిన్‌లో క్రాక్ చేసిన ప్లగిన్లు (డబ్బు కట్టకుండా వాడే దొంగ కాపీ మ్యూజిక్ సాఫ్ట్‌వేర్) ఉంటే ఎదుటి వకీలు మొదట పట్టుకునేది వాటినే, నా దగ్గర దాచకుండా చెప్పండి. విండోస్ మళ్లీ వేయకండి, మూత తీసి ఏ భాగమూ మార్చకండి. లోపం తేల్చడానికి పరీక్ష అవసరమైతే 2019 నాటి వినియోగదారుల రక్షణ చట్టం 38వ సెక్షన్ కింద వినియోగదారుల కమిషన్ ల్యాబ్‌కు పంపగలదు, మీరు చెయ్యి పెట్టిన మెషిన్ పంపి లాభం లేదు.

ఫ్రెండ్ సలహా మాత్రం చాలా ప్రమాదం. అఫిడవిట్‌లో హాబీ అని రాస్తే అది ప్రమాణం చేసి చెప్పిన అబద్ధం, నేరం. మీ ఖాతాలో పడిన డబ్బులు, మీరు పంపిన ఇన్వాయిస్‌లు తీసి ఎదుటివాళ్లు ఒక్క రోజులో బయటపెడతారు. ఆ తర్వాత మీ నిజాలను కూడా ఎవరూ నమ్మరు. అసలు ఆ అబద్ధం మీకు అక్కరే లేదు. 2019 చట్టంలో వినియోగదారు నిర్వచనం కింద ఉన్న వివరణ, పూర్తిగా స్వయం ఉపాధితో బతుకుతెరువు కోసం కొనేవారిని కాపాడుతుంది. టైప్‌రైటర్ కొని తానే కూర్చుని పనిచేసుకునేవాడు వినియోగదారే అని సుప్రీంకోర్టు 1995లో లక్ష్మీ ఇంజినీరింగ్ వర్క్స్ కేసులోనే చెప్పింది. మీ కంప్యూటర్ మీకు ఆ టైప్‌రైటర్ లాంటిదే. జీతగాళ్లను పెట్టి స్టూడియో నడుపుతుంటే లెక్క వేరు, ఆ సంగతి ముందే చెప్పండి.

చీటింగ్ కేసు వద్దు. మాట తప్పడం వేరు, మొదట్నుంచే మోసం చేయాలనుకోవడం వేరు. మూడుసార్లు వచ్చి బాగు చేయబోయినవాడికి మొదటి రోజే దురుద్దేశం ఉందని ఎలా రుజువు చేస్తారు?

ఇక మిమ్మల్ని కోప్పడాల్సిన సంగతి. 21 నెలలు ఏం చేస్తున్నారు? అదే 2019 చట్టం 69వ సెక్షన్ ప్రకారం ఫిర్యాదు వేయడానికి గడువు రెండేళ్లు. చిటపటలు మొదలైంది మొదటి వారంలోనే కనుక అప్పటినుంచే లెక్క వేసుకోండి, మీకు మిగిలింది ఇంచుమించు మూడు నెలలు. "రేపు చూస్తా, ఎల్లుండి వస్తా" అని ఆయన పంపిన మెసేజ్‌లతో గడువు పెరగదు. ఆలస్యానికి మాఫీ అడగవచ్చు గానీ ఆయన్ని నమ్మి ఊరుకున్నానంటే కమిషన్ ఒప్పుకుంటుందన్న భరోసా లేదు. బిల్లు కూడా అడగకుండా డబ్బు కట్టడం ఇంకో నిర్లక్ష్యం. అయితే బిల్లు ఇవ్వకపోవడం ఆయన వైపు అనుచిత వ్యాపార పద్ధతి కిందికొస్తుంది. మీరు యూపీఐలో కట్టి ఉంటే ఆ స్టేట్‌మెంటే కొనుగోలుకు సాక్ష్యం.

ఈ వారమే స్పీడ్ పోస్టులో నోటీసు పంపండి, 15 రోజులు టైమివ్వండి. లోపం సరిచేయడం, లేదా మార్చి ఇవ్వడం, లేదా డబ్బు తిరిగివ్వడం అడగండి. జవాబు రాకపోతే మీరుండే జిల్లా కమిషన్‌లోనే ఫిర్యాదు వేయవచ్చు, కట్టిన ధర ఐదు లక్షల లోపైతే ఫీజు లేదు. వాట్సాప్ మాటలకు భారతీయ సాక్ష్య అధినియమ్ (సాక్ష్యాల చట్టం) 63వ సెక్షన్ కింద ఎలక్ట్రానిక్ సాక్ష్యానికి కావాల్సిన సర్టిఫికెట్ జత చేయండి, ఆ ఫోన్ అమ్మకండి, రీసెట్ చేయకండి. పోయిన ఆ రెండు పనులకూ పరిహారం కావాలంటే, వాళ్లు రద్దు చేసుకుంటూ పంపిన మెసేజ్‌లు కూడా అదే ఫోన్‌లో ఉన్నాయేమో చూసుకోండి.