నరాల్లో రక్తమా, నరాలకు రక్తమా?

సందేహం: మధుమేహం ఉన్న మా అమ్మకు అరికాళ్ళు తిమ్మిరెక్కుతుంటే అమలాపురంలో చూపించాం. డాక్టరు గారు "నరాలకు రక్తం సరిగా అందడం లేదు" అన్నారు. సెలైన్ పెట్టబోయిన నర్సు "నరం దొరకడం లేదు" అన్నారు. రక్తం పారేదే నరంలో అయితే, నరానికి మళ్ళీ రక్తం అందడమేమిటి? నరం, నాడి, రక్తనాళం ఒకటేనా? – కోనసీమ నుంచి ఒక పాఠకురాలు

సమాధానం: ఇద్దరి మాటా సరైనదే. అయితే ఇద్దరూ అన్న నరం ఒకటి కాదు. నర్సు వెతికింది చర్మం కింద నీలంగా కనిపించే రక్తనాళాన్ని. పుస్తకాలు దాన్ని సిర అంటాయి. డాక్టరు గారు చెప్పింది మెదడు, వెన్నుపాముల నుంచి ఒళ్ళంతా పాకి కబుర్లు మోసే దాన్ని. పాఠ్యపుస్తకాల్లో అది నాడి.

ఒంట్లో తీగలా సాగి కనిపించే దేన్నైనా మన పెద్దలు నరమే అన్నారు. పిక్కల మీద ఉబ్బిన నరాలు సిరలు. నరాల బలహీనతలోని నరాలు నాడులు. "నరం పట్టేసింది" అన్నప్పుడు చాలాసార్లు పట్టేసేది కండరం. తమిళుల 'నరంబు'కూ ఇన్ని అర్థాలూ ఉన్నాయి, పైగా యాళ్ వాద్యపు తీగ కూడా వాళ్ళకు నరంబే. ఆకారాన్ని బట్టి పుట్టిన పేరును తెలియనితనం అనడం అన్యాయం.

'నాడి'తో చిక్కు ఇంకొంచెం ఎక్కువ. సంస్కృతంలో అది బోలుగా ఉండే కాడ, గొట్టం. నాళానికి దగ్గరి చుట్టం. వైద్యుడు మణికట్టు పట్టి నాడి చూస్తే వేలికి తగిలేది ధమని, అంటే గుండె నుంచి రక్తం తెచ్చే నాళం, కొట్టుకోవడమే. ఆధునిక శాస్త్రం అదే మాటను కబుర్లు మోసే నరానికి పెట్టుకుంది. అందుకే "నాడి బలహీనంగా ఉంది" అంటే గుండె సంగతి, "నాడులు బలహీనపడ్డాయి" అంటే నరాల సంగతి. వచనం మారితే అవయవమే మారిపోతోంది!

ఇక అసలు విషయం. శరీరంలో రక్తనాళం, నాడి చాలాచోట్ల జంటగానే నడుస్తాయి. పక్కటెముక కింది అంచు వెంట పైనుంచి కిందికి సిర, ధమని, నాడి వరుసగా ఉంటాయి. ఒకదాని అవసరం మరొకదానికి ఉంది. రక్తనాళపు గోడలోని కండరాన్ని బిగించేది, వదులు చేసేది ఎక్కువగా నాడులే. 1851లో ఫ్రాన్సులో క్లాడ్ బెర్నార్డ్ అనే శాస్త్రవేత్త కుందేలు మెడలో ఒక నాడిని కోస్తే ఆ వైపు చెవి ఎర్రబడి వెచ్చబడింది. బిగించే ఆజ్ఞ ఆగిపోయి నాళాలు విచ్చుకున్నాయి. మీ డెల్టా మాటల్లో చెప్పాలంటే, ధవళేశ్వరం నుంచి కాలువలోకి ఎంత నీరొచ్చినా ఏ బోదెకు ఎంత వదలాలో తూము దగ్గర లస్కరు చూసుకుంటాడు. నాడిది ఆ లస్కరు పని. ఆ లస్కరు తినే అన్నం కూడా ఆ నీటితో పండిందే. నాడి పొరల్లోనూ అతి సన్నని రక్తనాళాలు ఉంటాయి, ప్రాణవాయువు దానికి అందేది వాటి నుంచే. ఏళ్ళ తరబడి చక్కెర ఎక్కువగా ఉంటే ఆ సన్న నాళాలు చెడతాయి, నాడులూ నేరుగా దెబ్బతింటాయి. అన్నిటికన్నా పొడవైనవి పాదాల దాకా వెళ్ళే నాడులు కనుక తిమ్మిరి అక్కడే మొదలవుతుంది. డాక్టరు గారి వాక్యానికి అర్థం ఇదీ.

మీ అమ్మగారికి లేచి నిలబడగానే కళ్ళు తిరుగుతుంటే అదీ ఆయనకు చెప్పండి. లేవగానే కాళ్ళలోని నాళాలను బిగించి రక్తపోటు పడిపోకుండా కాపాడే నాడులు కూడా మధుమేహంలో దెబ్బతినవచ్చు.

గుర్తుపట్టడానికి విభక్తి చాలావరకు సాయం చేస్తుంది. 'నరాల్లో రక్తం' అంటే రక్తనాళాలు, 'నరాలకు రక్తం' అంటే నాడులు. మాటల్లో ఇది చాలు. రాతలో మాత్రం "కాలి నరాల్లో రక్తం గడ్డకట్టింది" అని రాయవద్దని పత్రికల వారిని నేను గట్టిగా కోరతాను. 'సిరల్లో' అని రాయాలి. లేకపోతే చదివినవారు ఆ కాలుతో నరాల డాక్టరు దగ్గరికి వెళ్ళి విలువైన సమయం పోగొట్టుకుంటారు.

ఈ గుర్తుకు లొంగని ప్రయోగం ఒకటుంది: 'నరానికి ఇంజెక్షన్'. అక్కడ 'కి' ఉన్నా నరమంటే సిరే. 'కండకు ఇంజెక్షన్' అనే మాటకు జోడుగా స్థిరపడింది, వినేవారెవరూ పొరబడరు. దాన్ని దిద్దనక్కరలేదు.